ట్యునీసియాలో స్త్రీల హక్కులు - మతధర్మము



రచ్చబండకడ లోకవార్తలు చర్చకు వచ్చినపుడు తరచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు. ముస్లిములు అధికసంఖ్యాకులుగా నున్న దేశములలో స్త్రీకి పురుషునితో సమానమైన హక్కులు కలవా? లేనిచో దానికి మతము కారణమా? దీనికి సాధారణముగా రెండు సమాధానములు వినిపించుచుండును. సమస్తమునకును మతమే మూలమని కొందరందురు. మతమున లోపమేమియు లేదు, ఆచారములే చెడినవని మరికొందరందురు. ఈ రెండును తొందరపడి చెప్పిన మాటలే. ఈ పూట ఒక చిన్న దేశపు వృత్తాంతము చెప్పి, ఈ విషయము ఎంత చిక్కుగా నున్నదో, ఆ చిక్కు ఎచ్చట కొంత విడినదో, ఎచ్చట విడకున్నదో చూపుటకు యత్నించెదను. ఆ దేశము ట్యునీసియా.

దాని కథకు ముందు ఒక విశేషము గమనింపుడు. ఆఫ్గనిస్థానమున 2021 ఆగస్టులో తాలిబానులు మరల అధికారమునకు వచ్చిన పిమ్మట బాలికలకు ఆరవ తరగతికి మించిన చదువు లేకుండ చేసిరి. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయముల తలుపులును స్త్రీలకు మూసిరి. మతధర్మము ననుసరించియే యట్లు చేసితిమని వారు చెప్పుకొనిరి. ఆ నెలలోనే ఈజిప్టు రాజధానియగు కైరోలో, వేయేండ్లకు పైబడిన చరిత్రగల అల్-అజహరు విద్యాపీఠమునకు అధిపతియైన షేకు అహ్మద్ అల్-తయ్యిబ్, ఆ నిషేధము ఇస్లాము ధర్మశాస్త్రమునకు విరుద్ధమని ప్రకటించెను. ఒకే గ్రంథమును ప్రమాణముగా నెంచువారు ఒకే విషయమున ఇట్లు ఎదురెదురుగా తీర్పు చెప్పిరి. కావున గ్రంథములో నేమున్నదని యడిగి ఊరకుండుట చాలదు. దానిని ఎవరు చదువుచున్నారు, ఎవరి కష్టమును కన్నులయెదుట నుంచుకొని చదువుచున్నారు అనియు అడుగవలెను.

ముస్లిముల కుటుంబధర్మము ఎట్లేర్పడినదో కొంచెము తెలిసికొందము. ఖురాను వారికి ప్రథమప్రమాణము. ప్రవక్త పలుకులను, నడవడిని తెలుపు హదీసులు రెండవ ప్రమాణము. ఈ రెంటిని ఆధారము చేసికొని పండితులు కొన్ని శతాబ్దములపాటు విచారించి ధర్మనిర్ణయములు చేసిరి. అందువలన సున్నీలలో హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ యని నాలుగు సంప్రదాయములు నిలిచినవి. మన స్మృతులకు మితాక్షర మొక మార్గమును, దాయభాగ మొక మార్గమును చూపి, ఆస్తి పంపకమున భిన్నముగా తీర్పు చెప్పినట్లే, ఈ నాలుగు సంప్రదాయములును పెక్కు విషయములలో భేదించుచుండును.

ఒక ఉదాహరణము చెప్పెదను. దేశాంతరము పోయిన భర్త జాడ తెలియకున్నచో భార్య ఎంతకాలము వేచియుండవలెను? హనఫీల ప్రాచీననిర్ణయము ప్రకారము, అతని యీడువారెవరును బ్రతికియుండరని తోచునంత కాలము గడువవలెను. అనగా ఆ స్త్రీ బ్రతుకంతయు గడచిపోవును. నాలుగేండ్లు చాలునని మాలికీ పండితులు చెప్పిరి. అట్లని మాలికీలు అన్నింట ఉదారులని తలపరాదు. కన్యకు యుక్తవయస్సు వచ్చియున్నను ఆమె సమ్మతి లేకయే తండ్రి వివాహము చేయవచ్చునని మాలికీలు చెప్పగా, యుక్తవయస్కురాలు తన వివాహము తానే చేసికొన నర్హురాలని హనఫీలు చెప్పిరి. ఒకచోట వీరి తీర్పు, మరియొకచోట వారి తీర్పు స్త్రీకి మేలుగా నున్నది.

ఈ భేదము మన దేశమందును ఒకప్పుడు అక్కరకు వచ్చినది. బ్రిటిషువారి యేలుబడిలో ఇచ్చటి ముస్లిములలో అధికులు హనఫీలు. భర్త విడిచిపోయినను, కూడు గుడ్డ పెట్టకున్నను, వివాహబంధమునుండి విడివడు దారి స్త్రీకి లేకుండెను. మతము విడిచినచో వివాహము రద్దగునని ఆనాటి న్యాయస్థానములు తీర్పు చెప్పుచుండుటచే, కొందరు స్త్రీలు గత్యంతరము లేక మతమునే విడిచిపెట్టసాగిరి. ఇది చూచి కలత చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ మొదలగు హనఫీ పండితులు, ఇట్టి సంకటమున మాలికీల తీర్పును గ్రహింపవచ్చునని నిర్ణయించిరి. ఆ విచారణకు ఫలముగా 1939లో ముస్లిము వివాహవిచ్ఛేద చట్టము వచ్చినది. భర్త జాడ నాలుగేండ్లు తెలియకున్నను, అతడు రెండేండ్లు పోషింపకున్నను, భార్య న్యాయస్థానమున విడాకులు కోరవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. తెలుగునాటి ముస్లిము స్త్రీలకును అది నేటికిని వర్తించుచున్నది. ఇచ్చట తీర్పు మతము లోపలినుండియే వచ్చినది. ఆ తీర్పు వెదకునట్లు పండితులను కదలించినది మాత్రము స్త్రీల దుఃఖము.

ఈ దారినే ట్యునీసియా ఇంకను చాల దూరము నడచినది. ఉత్తరాఫ్రికాలో, మధ్యధరాసముద్రపు టొడ్డున, అల్జీరియా లిబియాలకు నడుమ నున్న దేశమది. ప్రజలలో ఇంచుమించు అందరును ముస్లిములు. వారిలో అధికులు మాలికీ సంప్రదాయమువారు. 1881 మొదలు 1956 వరకు ఆ దేశము ఫ్రెంచివారి యాధిపత్యమున నుండెను. రాజధానియైన ట్యూనిసులో జైతూనా యను ప్రాచీనమగు మసీదును, దాని ననుసరించి పెరిగిన విద్యాపీఠమును కలవు. తరతరములుగా ఆ దేశపు ఖాజీలును పండితులును అచ్చటనే చదివినవారు.

ఆ జైతూనాలోనే చదివిన తాహిర్ హద్దాద్ అను యువకుడు 1930లో ఒక గ్రంథము ప్రకటించెను. అతడు 1899లో జన్మించినవాడు. కార్మికసంఘములతో కలసి పనిచేసి కూలివారి స్థితిగతులను గూర్చి వ్రాసినవాడు. ధర్మశాస్త్రమునందును సంఘమునందును స్త్రీ స్థితి యేమి యనునది ఆ గ్రంథపు విషయము. అందులో అతని వాదము సంగ్రహముగా నిట్టిది. ప్రవక్త కాలమున స్త్రీల స్థితి హీనముగా నుండెను. ఖురాను ఆమెకు వారసత్వమున భాగమిచ్చి, మహరు ఆమె సొత్తని చెప్పి, పైకెత్తినది. కాని సంఘము ఒక్కమారుగా భరింపలేని మార్పులను క్రమక్రమముగా తేదలచినది; బానిసల విషయమునను అట్లే చేసినది. న్యాయము, సమత అనునవి మతమునకు పరమోద్దేశములు. ఆ కాలమునకు చెప్పిన విధులు ఆ యుద్దేశమునకు చేర్చు మెట్లు. మొదటి మెట్టుమీదనే కూర్చుండిపోవుట గ్రంథమును గౌరవించుట కాజాలదు. ఈ కారణములచేత బాలికలకు చదువు చెప్పింపవలెననియు, పెండ్లికి కన్య సమ్మతి కావలెననియు, విడాకులు భర్త నోటిమాటతో కాక న్యాయస్థానమున జరుగవలెననియు అతడు కోరెను.

జైతూనా పండితులలో పలువురు దీనిపై మండిపడిరి. ఖండనగ్రంథములు వెలువడెను. హద్దాదునకు విద్యాపట్టములు అందకుండ అడ్డుకొనిరి. స్నేహితులును దూరమైరి. అతడు క్షయరోగముతో తీసికొని 1935లో మరణించెను. అప్పటికి నలువది యేండ్లైనను నిండలేదు. తన గ్రంథము శాసనమునకు దారి చూపునని అతడు బ్రతికియుండగా ఎవరును తలపలేదు.

1956 మార్చి 20వ తేదీన ట్యునీసియాకు స్వాతంత్ర్యము వచ్చినది. ఐదు మాసములు నిండకముందే, ఆగస్టు 13వ తేదీన, ప్రధానమంత్రియగు హబీబ్ బూర్గీబా క్రొత్త కుటుంబధర్మశాసనమును ప్రకటింపజేసెను. 1957 జనవరి 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. వధూవరు లిరువురి సమ్మతి లేనిదే వివాహము చెల్లదు. విడాకులు న్యాయస్థానమునందే జరుగవలెను. భర్తకువలెనే భార్యకును వాటిని కోరు హక్కు కలదు. భార్య యుండగా మరియొకతెను పెండ్లాడినవానికి ఒక సంవత్సరము చెరసాల. కన్యకు కనిష్ఠవివాహవయస్సు మొదట 15 ఏండ్లుగా నుండెను. 1964లో 17గాను, 2007లో స్త్రీపురుషుల కిరువురకును 18గాను చేసిరి.

బహుభార్యాత్వనిషేధమునకు చెప్పిన కారణము గమనింపదగినది. నలుగురు భార్యల వరకు అనుమతి కలదని సామాన్యముగా చెప్పుదురు. ఆ యనుమతి యిచ్చినచోటనే, అందరియెడ న్యాయముగా నుండజాలనను భయమున్నవాడు ఒక్కతెతో తృప్తిపడవలెనను నియమము కూడ కలదు. అదే అధ్యాయమున మరికొంత దూరము పోయిన పిమ్మట, ఎంత కోరినను భార్యలందరియెడ సరిసమానముగా నడచుకొనుట మానవునకు శక్యము కాదను భావము వచ్చును. ఈ రెంటిని కలిపి చదివినచో ఒక్క భార్యయే ధర్మమని తేలుచున్నదని సంస్కర్తలు వాదించిరి. 1905లో మరణించిన ఈజిప్టు పండితుడు మొహమ్మద్ అబ్దూ కూడ ఇట్టి విచారమునకు దారి తీసినవాడే. సంప్రదాయపండితులు దీని కొప్పుకొనలేదు. మొదటి నియమము అన్నవస్త్రములలోను వసతిలోను సమత చూపవలెనని చెప్పుచున్నదనియు, రెండవది హృదయమునందలి ప్రేమను గూర్చినదనియు, రెంటిని కలిపి నిషేధమును పుట్టించుట తగదనియు వారు చెప్పిరి. ఇరుపక్షముల వాదములును గ్రంథముమీద నాధారపడినవే. శాసనమైనది మాత్రము రాజ్యాధికారము అండగా నున్న వ్యాఖ్యానము.

ఈ మాట మరువరాదు. ఆ శాసనము ప్రజాసభలో చర్చించి చేసినది కాదు. నామమాత్రప్రభువుగా నుండిన బే పేరుమీద ఆజ్ఞాపత్రముగా వెలువడెను. షరియతు న్యాయస్థానములను ఆ సంవత్సరమే ఎత్తివేసి, అన్ని వ్యాజ్యములను సర్కారు కోర్టులకు చేర్చిరి. బూర్గీబా 1987 వరకు అధికారమున నుండెను. స్త్రీలకు హక్కు లిచ్చినవాడాయనయే. ఎదురు పలికినవారిని సహింపనివాడును ఆయనయే. పైనుండి వచ్చిన మేలునకు హద్దులును పైనుండియే వచ్చినవి. భర్త కుటుంబమునకు యజమాని, భార్య అతనికి విధేయురాలై యుండవలెనను నియమము ఆ శాసనముననే యుండెను. విధేయతను గూర్చిన మాట 1993లో తీసివేసిరి. యజమాని యను మాట మాత్రము నిలిచినది.

ఇక ఈ కథలో మిక్కిలి కఠినమైన భాగమునకు వచ్చెదను. అది భూమి, ఇల్లు, ధనము పంచుకొను విషయము. తండ్రి చనిపోయినపుడు కొడుకునకు రెండు పాళ్లు, కూతునకు ఒక పాలు అని ఖురాను చెప్పుచున్నది. మూడెకరములను ఒక కొడుకును ఒక కూతురును పంచుకొనవలసి వచ్చినచో, అతనికి రెండెకరములు, ఆమెకు ఒక యెకరము. ఇది ఏడవ శతాబ్దమున చెప్పిన మాట యని గుర్తుంచుకొనవలెను. వివాహిత స్త్రీ తన యాస్తిని తానే యనుభవించు హక్కు ముస్లిము ధర్మమున మొదటినుండియు కలదు. ఇంగ్లాండులో అట్టి హక్కు వివాహితలందరకు 1882వ సంవత్సరపు చట్టముతోగాని సంపూర్ణముగా రాలేదు. కాబట్టి ఆ కాలమున అది స్త్రీకి దొరికిన గొప్ప మేలు. ఈ కాలమున అది చాలునా యనునది ప్రశ్న.

చాలునను వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కొడుకు తల్లిని, భార్యను, బిడ్డలను పోషింపవలసినవాడు. పెండ్లిలో మహరు ఇచ్చువాడును అతడే. కూతురు తన పాలు తానే యుంచుకొనవచ్చును. ఇంటి ఖర్చునకు పెట్టవలెనను నిర్బంధము ఆమెకు లేదు. భారము ననుసరించి భాగము వచ్చినదని వారందురు. చాలదను వారు చెప్పునదేమనగా, నేడు పెక్కు ఇండ్లలో స్త్రీయు సంపాదించుచున్నది, వృద్ధులైన తల్లిదండ్రులను కనిపెట్టుకొని యుండునదియు ఆమెయే. భారము మారినపుడు భాగమేల మారరాదు?

బూర్గీబా సహితము ఈ రెండు పాళ్లు ఒక పాలు అను నియమముపై చేయి వేయలేదు. కాని 1959లో ఒక చిన్న సవరణ జరిగినది. కొడుకులు లేక కూతుండ్రే యున్న ఇంట, ప్రాచీనవిధి ప్రకారము వారి పాళ్లు పోగా మిగిలిన ఆస్తి మృతుని సోదరులకో, వారి కొడుకులకో పోవుచుండెను. ఆ మిగిలినదియు కూతుండ్రకే చెందునట్లు ఆ సవరణ చేసినది. ధర్మశాస్త్రమున ముందే యున్న ఒక పద్ధతిని విస్తరించి చేసినందున దానివలన పెద్ద కలహము పుట్టలేదు.

2011 జనవరిలో ప్రజావిప్లవము వచ్చి పాతప్రభుత్వము కూలినది. ఆ అక్టోబరున రాజ్యాంగసభకు ఎన్నికలు జరిగెను. పార్టీల జాబితాలలో ఒక పురుషుడు ఒక స్త్రీ చొప్పున పేర్లు వేయవలెనని నియమము పెట్టిరి. ఎన్నికైన స్త్రీలలో అధికులు అన్నహ్దా యను మతపక్షమువారు. మతమును కోరు స్త్రీలు రాజకీయమును కోరరను తలంపు దీనితో వీగిపోయినది. 2012లో రాజ్యాంగపు చిత్తుప్రతియందు, కుటుంబమున స్త్రీ పురుషునికి పూరకురాలను మాట వచ్చెను. సమానురాలనక పూరకురాలనుటలో మోసమున్నదని శంకించి, ఆగస్టు 13వ తేదీన వేలకొలది జనులు ట్యూనిసు వీథులలో ఊరేగిరి. ఆ మాటను తీసివేసిరి. 2014 జనవరిలో అంగీకరించిన రాజ్యాంగము స్త్రీపురుషులైన పౌరులు హక్కులలో సమానులని పలికెను. ఈ మారు ఆ మాట ప్రభువు దయచేసినది కాదు. సభలోను వీథిలోను వాదులాడి తెచ్చుకొన్నది.

తరువాత 2018లో, దేశాధ్యక్షుడగు బేజీ ఖాయిద్ సెబ్సీ వారసత్వమున సమానభాగమును ప్రతిపాదించెను. కొడుకునకును కూతునకును సమముగా పంచుట సామాన్యనియమము కావలెను. మతవిధి ప్రకారమే పంచవలెనని కోరువాడు బ్రతికియుండగా అట్లు వ్రాసి యుంచుకొనవచ్చును. ఇది ఆ ప్రతిపాదనము. ఎవరి విశ్వాసమునకును భంగము రాకుండ సమత తేవలెనని యత్నము. అయినను అది పార్లమెంటులో నెగ్గలేదు. ఆయన 2019 జులైలో మరణించెను. పిమ్మట అధ్యక్షుడైన ఖైస్ సయీదు, ఈ విషయమున ఖురాను వాక్యము స్పష్టముగా నున్నదని చెప్పి దాని నంగీకరింపలేదు. 2022లో క్రొత్త రాజ్యాంగము వచ్చినది. సమానత్వమను మాట అందులోను ఉన్నది. కాని ఎన్నికల నియమములు మారుటచే పార్లమెంటున స్త్రీల సంఖ్య బాగుగ తగ్గిపోయెను.

ఈ వృత్తాంతమునుండి నాకు తోచినది చెప్పెదను. బహుభార్యాత్వము, విడాకులు, కన్య సమ్మతి అను విషయములలో గ్రంథమున పలుమార్గములు కలవు. పండితులలో భేదము కలదు. కావున అచ్చట సంస్కర్తలు మతము లోపలినుండియే దారి చేసికొనిరి. వారసత్వమున అంకెలతో చెప్పిన వాక్యమున్నది. అచ్చట అదే దారి ఆగిపోయినది. దానిని దాటవలెనన్నచో, వాక్యము ముఖ్యమా, వాక్యమునకు కారణమైన న్యాయము ముఖ్యమా యను హద్దాదు ప్రశ్నకు ఆ దేశమువారే బదులు చెప్పుకొనవలెను. మతము ఒకచోట తలుపు, మరియొకచోట గోడ. ఏది తలుపో ఏది గోడో నిర్ణయించువారిలో స్త్రీలకును స్థానము దొరకినపుడు ఆ నిర్ణయము కొంత మారుచున్నదని 2012వ సంవత్సరపు సంగతి తెలుపుచున్నది.

ఇంకొక మాట. ఇది పరుల కథ యని మనము నవ్వుకొనుటకు వీలులేదు. ట్యునీసియా శాసనము వచ్చిన 1956లోనే, రెండు మాసములు ముందుగా, మన దేశమున హిందూ వారసత్వచట్టము వచ్చినది. అప్పటికిని పిత్రార్జితమగు ఉమ్మడి యాస్తిలో కొడుకునకువలె కూతునకు పుట్టుకతో హక్కు లేదు. ఆంధ్రప్రదేశమున 1985లో చేసిన సవరణ, అప్పటికి వివాహము కాని కూతుండ్రకు ఆ హక్కు నిచ్చెను. దేశమంతటికిని అది 2005లో వచ్చినది. మితాక్షర వాక్యమును దాటుటకు మనకును అంతకాలము పట్టినది. దాటిన పిమ్మటనైనను, పసుపుకుంకుమల పేర కొంత ముట్టజెప్పి, మిగిలినది అన్నదమ్ములకే విడిచితినని ఆడుబిడ్డచేత సంతకము చేయించుకొనుట మన గ్రామములలో నెరుగనివారెవరు? ఉత్తరాఫ్రికా పల్లెలలోను ఒక పాలు కూడ అడుగక అన్నకు వదలివేయు చెల్లెండ్రు కలరు. గ్రంథము ఇచ్చిన భాగమును అచ్చట ఆచారము తినివేయుచున్నది. చట్టము ఇచ్చిన భాగమును ఇచ్చట ఆచారము తినివేయుచున్నది.

శాసనములు రాజధానులలో పుట్టును. అవి బ్రతుకునది, చచ్చునది గ్రామములలో. పంపకము జరుగునపుడు పెద్దమనుష్యులుగా కూర్చుండువారు మీరే. కాగితముపై సాక్షిసంతకము పెట్టువారును మీరే. ఆ సమయమున ఆడుబిడ్డ ఎదుట కూర్చుండి యున్నదా, ఆమె మాట ఎవరైన అడిగిరా యని ఒక్కమారు చూచుకొనుట మీ చేతిలోని పని. హద్దాదు వ్రాసిన గ్రంథమునకు శాసనరూపము వచ్చుటకు ఇరువదియారేండ్లు పట్టినది. మన గ్రామములలో పెద్దలు ఆ మాట అడుగుటకు అంతకాలము పట్టనక్కరలేదు.